గురువుకీ నాకూ ఒకే ముహూర్తం

టైలరు దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు పగలంతా గురువుగారి గుడ్డలు కుట్టి, రాత్రి ఇంట్లో మిషను ముందు కూర్చుని సొంత గిరాకీ చూసుకోవచ్చు. ట్యూషన్ మాస్టారి శిష్యుడు వేరే వీధిలో, వేరే వేళకి నాలుగు చాపలు పరుచుకోవచ్చు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. మా గురుశిష్య సంబంధాలన్నీ పంచాంగం చేతిలో ఉంటాయి. మాఘమాసంలో ఒక గట్టి ముహూర్తం పడిందంటే తెనాలి చుట్టుపక్కల కల్యాణమండపాలన్నీ ఆ రాత్రే నిండుతాయి. గురువుగారికి శిష్యుడి చేతులు కావలసింది ఆ రాత్రే. శిష్యుడికి సొంతంగా ఫోన్ వచ్చేదీ ఆ రాత్రి కోసమే. ఆషాఢంలో ఎవరికీ ఎవరూ అక్కర్లేదు కాబట్టి అప్పుడు గురుభక్తి ఎంతైనా చూపించుకోవచ్చు, పైసా ఖర్చుండదు.

ఉన్న పని చేసుకుంటూనే సొంత పని పెంచుకోండి, సాయంత్రాలూ ఆదివారాలూ వాడుకోండి అని సలహాలిచ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. మాకు ఆదివారం లేదు, లగ్నం ఉంది. పుష్యం, భాద్రపదం శూన్యమాసాలు. అవి కాక మూఢం ఒకటి. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కనపడకుండా పోతే పెళ్లిళ్లు ఆగిపోతాయి, వాటితోపాటు మేమూ ఆగిపోతాం. ఏడాది సంపాదనంతా కొన్ని రాత్రుల్లోనే రావాలి. పైగా ఒక పెళ్లి ఫొటోలు బాగా కుదిరితే, ఆ పెళ్లికొచ్చిన చుట్టాల్లోంచి ఇంకో రెండు పెళ్లిళ్లు వస్తాయి. అంచేత మంచి ముహూర్తం రాత్రి గురువుగారికి లైటు పట్టడానికి వెళ్లామంటే ఆ రాత్రి డబ్బు ఒక్కటే వదులుకున్నట్టు కాదు. వెళ్లలేదా, పని నేర్పినవాడిని రెండు మండపాల మధ్య ఒంటరిగా పరిగెత్తించినట్టు.

నేను పని నేర్చుకున్నది రీలు రోజుల చివర్లో. మా మాస్టారు (బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు, అయినా ఊరంతా మాస్టారనే అంటుంది) కెమెరా నా చేతికి చప్పున ఇవ్వలేదు. లైటిచ్చారు. చెయ్యి పడిపోతున్నా దించకూడదు, పురోహితుడి బట్టతల మీద పడకూడదు, పెళ్లికూతురి ముక్కుపుడక మీద మెరవాలి. కెమెరా ఇచ్చాక చెప్పిన మొదటి మాట, జీలకర్ర-బెల్లానికి ముందు రీలు మార్చెయ్యమని. పాత రీలులో ఎన్ని మిగిలి ఉన్నా సరే. 36 ఫొటోల్లో పదిహేను వృథా అయితే అయ్యాయి, తెర దించేసరికి మాత్రం కెమెరాలో నిండు రీలు ఉండాలి. ఇప్పుడు కార్డులో వేల ఫొటోలు పడతాయి. అయినా సుముహూర్తానికి ముందు కార్డు మార్చనిదే నాకు తోచదు.

రెండోది, నిలబడే చోటు. తాళి కట్టేటప్పుడు ఆడపడుచు జడ ఎత్తిపట్టుకుంటుంది, జనమంతా మీద పడతారు, అక్షతలు లెన్సు మీద కురుస్తాయి. "అందరూ ముడి చూస్తారు. నువ్వు ఒక కన్ను పెళ్లికూతురి నాన్న మీద ఉంచు" అనేవారు. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు తల్లి చెంబుతో నీళ్లు పోస్తుంది కదా, ఆ ధార ఒక్కోసారి వణుకుతుంది. అలా వంకర తిరిగిన నీటిధార ఫొటో ఒకటి మాస్టారి దగ్గర ఉంది. చెయ్యి, చెంబు, గాజులు, నీళ్లు, అంతే. మొహం లేదు. ఆ తల్లి ఎవరో తెలియని వాళ్లు కూడా ఆ ఫొటో దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు.

ఇక వ్యాపారం. అప్పగింతల దగ్గర డబ్బు మాట ఎత్తకూడదు. ఆల్బం చేతిలో పెట్టేటప్పుడు మిగతాది అడగాలి, అదీ ఇంటి పెద్దావిడ పక్కన ఉన్నప్పుడు. అలిగి భోజనానికి రాని మేనమామ ఫొటో ఆల్బంలో తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ మిగతాది రాదు. ఇలాంటివి ఏ కోర్సులోనూ చెప్పరు.

ఇవేవీ నేను తిరిగి ఇవ్వగలిగినవి కావు. ఎక్కడ నిలబడాలో తెలిసిన కాళ్లని ఎవరికి వాపసు ఇస్తాం? ఋణం తీర్చుకుంటాను అనే మాట ఈ భాగానికి వర్తించదని నా అభిప్రాయం. వచ్చిన పని వచ్చినట్టే, అది నా ఒంట్లో కలిసిపోయింది. కానీ మాస్టారి దగ్గర నాకు దొరికింది పని ఒక్కటే కాదు. ఇళ్లు కూడా. ఆయన డైరీలో కొన్ని ఇళ్లున్నాయి. అన్నప్రాశనకీ ఆయనే, ఓణీల ఫంక్షన్‌కీ ఆయనే, పెళ్లికీ ఆయనే, తాతగారి షష్టిపూర్తికీ ఆయనే. ఆ ఇళ్ల వంటింటి దాకా నేను వెళ్లగలిగానంటే, పెళ్లికూతుర్ని చేసే గదిలోకి కెమెరాతో రానిచ్చారంటే, నా మొహం చూసి కాదు. "మాస్టారి కుర్రాడు" అని. ఆ నమ్మకం ఆయన ఎన్నో ఏళ్లు చెప్పిన రోజుకి ఆల్బం ఇచ్చి, ఒప్పుకున్న రేటు మీద రూపాయి పెంచకుండా సంపాదించుకున్నది. విద్య నాతో రావచ్చు, ఆ ఇళ్లు రాకూడదు. ఇలా గీత గీసుకుని చాలాకాలం నిశ్చింతగా ఉన్నాను. చిక్కేమిటంటే ఇళ్లు గీతలో ఉండవు. ఆ ఇళ్లలో పిల్లలు పెరుగుతారు, ఫోన్లు కొనుక్కుంటారు, ఎవరికి చెయ్యాలనిపిస్తే వాళ్లకి చేస్తారు.

ఈ విషయంలో చట్టం ఏమంటుందో ఒకసారి తెలిసిన వకీలుని అడిగాను. ఒక్క దెబ్బకి మా ఇద్దరి గాలీ తీసేశాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఫలానా వృత్తి చెయ్యనని, ఫలానా వ్యాపారం పెట్టనని రాయించుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని దాని మంచిపేరుతో సహా అమ్మేసుకున్న సందర్భం వేరు. కాబట్టి మాస్టారు నాచేత స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నా, తర్వాత నా దారి నాదే. మరి నేను తీసిన ఫొటోల సంగతి? వాటిని నా పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా? 1957 కాపీరైటు చట్టంలో ఫొటోకి కర్త దాన్ని తీసినవాడే. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లు. అంటే మాస్టారూ నేనూ నీదా నాదా అనుకుంటున్న ఆస్తి తీరా చూస్తే పెళ్లికూతురి నాన్నగారిది! నేను తీశానని చెప్పుకునే హక్కు మాత్రం నాకుంటుందట. ఆ ఫొటోలు పెట్టుకుంటానని మాస్టారిని అడిగితే, "ఎక్కడుందిరా ఆ ఇన్‌స్టాగ్రామ్, హైదరాబాదులోనా?" అన్నారు. ఆ తర్వాత, "స్టూడియో పేరు వేసి పెట్టుకో. పెళ్లికూతురి అమ్మానాన్నల్ని కూడా అడుగు" అన్నారు. చట్టం చదవకుండానే ముగ్గురి హక్కులూ సరిగ్గా పంచేశారు.

గిరాకీ ఎవరిదన్న గొడవలో వకీళ్లు మాత్రం కొంత రాతకోతలు చేసుకున్నారు. ఒక కేసులో ఒకరి వకాలత్ ఉండగా వాళ్ల సమ్మతి లేకుండా ఇంకొకరు హాజరు కాకూడదని బార్ కౌన్సిల్ నియమం. సమ్మతి ఇవ్వకపోతే కోర్టుని అనుమతి అడగాలి. మా దగ్గర అలాంటి కాగితమేదీ లేదు. మొహమాటం ఉంది.

మొహమాటాన్ని గురుభక్తి అనుకోవడం దగ్గరే చాలామంది కుర్రాళ్లు చితికిపోతారు. టిఫిన్ డబ్బులూ బస్సు ఛార్జీలూ ఇచ్చి, పదేళ్లు లైటు పట్టించుకుని, "విద్య నేర్పానుగా" అనేవాళ్లు ఏ వృత్తిలోనైనా ఉన్నారు. కూలి ఎగ్గొట్టి దాన్ని గురుదక్షిణ ఖాతాలో జమ వేసుకోవడం. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకి నెలకి పట్టణాల్లో కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇమ్మని సీనియర్లకి సిఫారసు చెయ్యాల్సి వచ్చిందంటే నల్లకోటు లోపల కూడా ఇదే కథ అన్నమాట. ఏకలవ్యుడి సంగతి అందరూ చెబుతారు కానీ ఒక చిన్న మాట వదిలేస్తారు: ద్రోణుడు అతనికి నేర్పింది ఏమీ లేదు. నేర్పనివాడే బొటనవేలు అడిగాడు. నా అనుభవంలోనూ అంతే. నిజంగా నేర్పినవాళ్లు లెక్క అడగరు.

నన్నడిగితే మా వృత్తికి సరిపోయే శిష్యుడు కచుడు. నన్నయగారి ఆదిపర్వంలో ఉన్నవాడు. పోటీ వర్గానికి చెందినవాడు, బృహస్పతి కొడుకు, శుక్రాచార్యుడి దగ్గర మృతసంజీవని నేర్చుకోవడానికే వచ్చాడు. తను ఎవరి కొడుకో దాచలేదు. శుక్రుడూ తెలిసే చేర్చుకున్నాడు. రాక్షసులకి మాత్రం ఇది నచ్చలేదు. గురువులకంటే గురువుల చుట్టూ ఉండేవాళ్లకి ఇలాంటివి ఎక్కువ బాధ కలిగిస్తాయి, ఇది మా స్టూడియోలోనూ చూశాను. వాళ్లు కచుణ్ని చంపి, కాల్చి, బూడిద సురలో కలిపి గురువుకే తాగించారు. శిష్యుడు గురువు పొట్టలో ఉన్నాడు. బయటికి రావాలంటే పొట్ట చీలాలి. చీలితే గురువు పోతాడు. అప్పుడు శుక్రుడు పొట్టలో ఉన్నవాడికే విద్య చెప్పాడు. కచుడు చీల్చుకుని వచ్చి, నేర్చుకున్న ఆ విద్యతోనే ముందు గురువుని బతికించాడు. ఆ తర్వాతే తన లోకానికి తను వెళ్లాడు. పొట్ట చీలకుండా బయటికి వచ్చే మార్గం కథలో కూడా లేదు, గమనించారా? మాకు పని ఉండాలంటే ఆకాశంలో గురుడూ శుక్రుడూ ఇద్దరూ కనిపిస్తూ ఉండాలి. కచుడు ఒకరి కొడుకు, ఇంకొకరి శిష్యుడు. పెళ్లి ఫొటోగ్రాఫర్ల సంఘానికి ఇంతకంటే మంచి ఇలవేల్పు దొరకడు.

చరిత్రలోనూ ఒకాయన ఉన్నాడు. ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీనదయాళ్ మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగి. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1870లలో కెమెరా పట్టాడు. అక్కడి ఆంగ్లేయ అధికారులు హెన్రీ డేలీ, ఆ తర్వాత లెపెల్ గ్రిఫిన్ ఆయనకి దారులు తెరిచారు. ఆయన తొందరపడి ఉద్యోగం వదల్లేదు. దీర్ఘకాలం సెలవు పెట్టి, సొంత వ్యాపారం నిలబడుతుందో లేదో చూసుకుని అప్పుడు వదిలాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు, 1894లో నిజాం నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. మధ్యభారత కట్టడాల మీద 1886లో వచ్చిన పుస్తకంలో ఫొటోలు దీనదయాళ్‌వి, రచయితగా పేరు గ్రిఫిన్‌ది. తర్వాత దీనదయాళ్ స్టూడియోలు పెరిగి ఎందరో ఉద్యోగులు చేరాక, వాళ్లు తీసిన ఫొటోలు ఆయన ముద్రతో వెళ్లాయి. వాటిలో ఏది ఆయన తీసింది, ఏది పేరు మిగలని ఏ కుర్రాడో తీసింది అని ఇప్పుడు తేల్చడం కష్టం. ఒకప్పుడు తన మీద పడ్డ నీడే తర్వాత తను వేసే నీడ అవుతుంది. బోర్డు పెట్టిన ప్రతివాడూ ఈ పని చేస్తాడు. నేనూ చేస్తున్నాను.

సినిమావాళ్లది కొంచెం హాయి. రామ్‌గోపాల్ వర్మ దగ్గర పనిచేసిన శివనాగేశ్వరరావు 1993లో 'మనీ' తీస్తే, కృష్ణవంశీ 1995లో 'గులాబి' తీస్తే, నిర్మాత వర్మే. గురువే పెట్టుబడి పెట్టాడు. కానీ రెండు సినిమాలు రెండు శుక్రవారాల్లో విడుదల చేసుకోవచ్చు. రెండు పెళ్లిళ్లలో ఒకదాన్ని వచ్చే వారానికి జరపమని పురోహితుణ్ని అడిగి చూడండి.

నా మొదటి సొంత పెళ్లి కొల్లూరు వైపు నుంచి వచ్చింది. మాస్టారి డైరీలో ఇల్లే. పెద్దమ్మాయి పెళ్లికి మాస్టారితో వెళ్లాను, చిన్నమ్మాయి నాకే ఫోన్ చేసింది. "అన్నయ్యా, నువ్వే రావాలి. మాస్టారైతే గడ్డం దించమ్మా, నవ్వమ్మా అంటూనే ఉంటారు. అక్క ఆల్బం అంతా పాస్‌పోర్టు ఫొటోల్లా ఉంది" అంది. అది అన్యాయం, అక్క ఆల్బంలో సగం ఫొటోలు నేను తీసినవే. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పలేదు. వెంటనే ఒప్పుకోకుండా, తర్వాత చెబుతానని చెప్పి స్టూడియోకి వెళ్లాను.

మాస్టారు ఆల్బం కవర్లు లెక్కపెట్టుకుంటున్నారు. విషయం చెప్పాను. లెక్క ఆపలేదు. పూర్తయ్యాక అడిగారు:

"ఎంత చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదండీ."

"నా రేటు కంటే రూపాయి తగ్గించావో, ఈ గడప తొక్కకు. పెంచుకుంటే నీ ఇష్టం. ముహూర్తం ఎప్పుడు?"

తేదీ చెప్పాను. డైరీ తీశారు. ఆ రాత్రి ఆయనకి రెండు పెళ్లిళ్లున్నాయి, ఒకదాని ఎదురుగా నా పేరు రాసి ఉంది. పెళ్లివారి పేర్లు పెన్నుతో, మా పేర్లు పెన్సిలుతో రాసేవారు. నా పేరు చెరిపేసి ఇంకొకరి పేరు రాశారు. ఆ డైరీలో మా పేర్లు ఎప్పుడూ పెన్సిలుతోనే ఉండేవని నాకు తెలుసు, ఎందుకో ఆలోచించింది మాత్రం ఆ రోజే. ఆయన మొదటినుంచీ అందుకు సిద్ధంగానే ఉన్నారు.

అలాగని ఆశీర్వదించి పంపించారని అనుకోకండి. ఆ సీజనంతా ఒక్క పనికి కూడా పిలవలేదు. ఎదురుపడితే మాట్లాడేవారు, తారీకు మాత్రం చెప్పేవారు కాదు. నాకు కష్టంగానే ఉండేది, డబ్బుకీ ఇబ్బందే. కానీ అందులో ఆయన తప్పేమీ కనిపించలేదు. ముహూర్తం రాత్రి వస్తాడో రాడో తెలియనివాడిని నమ్ముకుని ఎవరు మాత్రం రెండు పెళ్లిళ్లు ఒప్పుకుంటారు? తర్వాత నేనే వెళ్లి ఒక పద్ధతి చెప్పాను. ఏ తారీకైనా సరే, ముందు ఎవరడిగితే వాళ్లది. మీరు ముందు అడిగితే ఆ రోజు నేను మీ మనిషిని, తర్వాత ఎంత పెద్ద పార్టీ వచ్చినా ఒప్పుకోను. పార్టీ ముందు అడిగితే నేను రాను, కానీ మీకు పని తెలిసిన ఇంకొక మనిషిని చూపించే పూచీ నాది. ఆయన ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు. మర్నాడు ఫోన్ చేసి ఫాల్గుణ మాసంలో మూడు తారీకులు చదివారు.

వ్యాపారస్తులు దీన్ని చాలా చిన్న విషయం అనుకుంటారు. కాదు. "మీరంటే నాకు గౌరవం" అనే మాటకి ఏ తారీకూ ఉండదు కాబట్టి దాన్ని నమ్ముకుని ఎవరూ పని ఒప్పుకోలేరు. "ఆ రోజు వస్తాను" అనే మాటకి తారీకు ఉంది. ఆయనకి మొదటిసారి "ఆ రోజు కుదరదండీ, నాకు వేరే పని ఉంది" అని చెప్పినప్పుడు నోరు పెగల్లేదు. రెండోసారి కొంచెం తేలిక. ఆ తర్వాత ఆయనే ముందు, "నీకేమైనా ఉందా ఆ రోజు?" అని అడగడం మొదలుపెట్టారు. అలా అడగడమే నన్ను వేరే మనిషిగా ఒప్పుకోవడం అని నాకర్థమైంది.

రేటు విషయంలో ఆయన పెట్టిన షరతు ఇప్పటికీ తప్పలేదు. గురుద్రోహం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు తెలిసింది ఇదొక్కటే: లోపల కూర్చుని గురువు రేటు తెలుసుకుని, బయటికి వచ్చి అదే ఇంటికి ఐదు వేలు తగ్గించి చెప్పడం. విడిగా బోర్డు పెట్టడం ద్రోహం కాదు, ఆయన కంటే బాగా తీయడం అసలే కాదు. ఏ పార్టీ బేరం ఆడుతుందో, ఎవరు ఎంత దగ్గర దిగుతారో, ఇవి నేను నేర్చుకున్న పని కాదు. నా ముందు దాచకుండా మాట్లాడారు కాబట్టి నా చెవిన పడ్డ మాటలు. వాటిని అమ్ముకోకూడదు.

ఒక వైశాఖంలో లెక్క తిరగబడింది. నా దగ్గర రెండు పెద్ద పెళ్లిళ్లు, రావలసిన మనిషి జ్వరంతో పడుకున్నాడు. మాస్టారికి ఆ రోజు ఖాళీ అని తెలిసి, అడగడానికి భయపడుతూ అడిగాను. వచ్చారు. మండపంలో నన్ను "ఎక్కడ నిలబడమంటావు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు, అటు చెయ్యి చూపించాను. తెల్లవారాక కవరులో డబ్బు పెట్టి, రెండు చేతులతో ఇచ్చాను. శాలువా కప్పినంత ఘనంగా ఇచ్చానని నా ఫీలింగు. ఆయన అక్కడే కవరు చించి, నోట్లు లెక్కపెట్టి, "ఆటో ఛార్జీలు వెయ్యలేదు" అన్నారు. వేశాను. జేబులో పెట్టుకుని టిఫినుకి వెళ్లిపోయారు. తర్వాత ఆలోచిస్తే ఆయన నాకు చేసిన గౌరవం అదే అనిపించింది. శిష్యుడి దగ్గర డబ్బు తీసుకోను అని ఉంటే నేను ఇంకా ఆయన పెన్సిలు పేరుగానే మిగిలిపోయేవాణ్ని.

ఇప్పుడు నా దగ్గర ఒక కుర్రాడున్నాడు. రీలు ఎలా ఉంటుందో కూడా చూడలేదు, డ్రోన్ మాత్రం గాలిపటంలా ఎగరేస్తాడు. కంప్యూటర్ మీద రంగులు సరిచెయ్యడంలో నాకే నేర్పుతున్నాడు, కాబట్టి మాలో ఎవరు ఎవరికి గురువో రోజుని బట్టి మారుతూ ఉంటుంది. మొన్న వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. వాళ్ల మేనత్త ఊళ్లో పెళ్లి, అతన్నే తీయమన్నారట, బయానా కూడా ఇచ్చేశారట. తేదీ అడిగాను. ఈ మాఘంలో నాకు రెండు పెళ్లిళ్లున్న రాత్రే. ముందు ఎవరడిగారు అన్నాను. వాళ్లే, మీకంటే రెండు రోజుల ముందు అన్నాడు. రేటెంత చెప్పావు అన్నాను. నేను చెప్పేదానికంటే ఎక్కువే చెప్పాడు!

ఆ రాత్రికి డ్రోన్ ఎగరెయ్యడం వచ్చినవాళ్లు, ముహూర్తం దాకా నిద్రపోకుండా ఉండగలిగినవాళ్లు తెనాలి, గుంటూరు వైపు మీ ఎరికలో ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఆటో ఛార్జీలు విడిగా ఇస్తాను.